అట్టల మేస్త్రి రెండో సంతకం

ముఖ్య అతిథిగా విచ్చేసిన గౌరవ న్యాయమూర్తిగారికి, సభకు అధ్యక్షత వహిస్తున్న మా న్యాయవాదుల సంఘం అధ్యక్షులవారికి, నాకంటే ముందు ఈ మెట్లెక్కి, మోకాళ్ళు మొరాయిస్తున్నా ఈ రోజు నాకోసం మళ్ళీ ఎక్కి వచ్చిన పెద్దలకు, కోర్టు హాల్లో నాతో పోట్లాడి బయటికొచ్చి నాతోనే టీ తాగిన మిత్రులకు, కుర్చీలు ఖాళీగా ఉన్నా నిలబడే అలవాటు పోక గోడ వారగా నిలబడిన జూనియర్లకు, ముందు వరుసలో కూర్చోమంటే సిగ్గుపడి స్తంభం చాటుకు వెళ్ళిన మా గుమస్తాగారికి, అందరికీ నమస్కారం.

ముప్పై ఎనిమిదేళ్ళు ఈ భవనంలో మాట్లాడాను గాని, ఎవరూ అడ్డు తగలకుండా మాట్లాడటం ఇదే మొదటిసారి. ఇవాళ అభ్యంతరం చెప్పే ఎదుటి పక్షం లేదు. గడియారం వంక చూసే న్యాయమూర్తిగారు మాత్రం ఉన్నారు. (నవ్వులు) క్షమించాలి, తమరు చూడలేదు, నేనే చూశాను.

ఇందాక కార్యదర్శిగారు వీడ్కోలు సన్మాన పత్రం చదివారు. ఆ విశేషణాలు వింటుంటే, ఈవిడెవరో గాని మంచి మనిషిలా ఉంది, ఒకసారి పరిచయం చేసుకోవాలి అనిపించింది. (నవ్వులు) అందులో ఒక వాక్యం ఉంది: "నమ్మి వచ్చిన కక్షిదారుణ్ని ఏనాడూ నట్టేట ముంచని" అని. ఆ ఒక్క వాక్యం తీసెయ్యమని నాలుగు రోజుల కిందటే కార్యదర్శిగారిని బతిమాలాను. "అచ్చయిపోయింది మేడమ్, మీ వినయం కొద్దీ అంటున్నారు" అన్నారాయన. వినయం కాదు బాబూ. నేను ముంచిన మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన సంగతి చెప్పకుండా ఈ కుర్చీలోంచి లేస్తే, నాకు రేపు పొద్దున అద్దంలో ముఖం చూసుకునే ధైర్యం ఉండదు. కాబట్టి మీరు సరదాగా రెండు మాటలు వినిపోదామని వస్తే నేను ఈ గోడు వెళ్ళబోసుకుంటున్నాను, ఓర్చుకోండి.

ఇక్కడున్న పెద్దవాళ్ళకి అట్టల మేస్త్రి గుర్తుండే ఉంటాడు. కోర్టు వెనక సందులో, మందుల దుకాణం పక్కన, రెండంతస్తుల ఇంట్లో కింద పుస్తకాలకి అట్టలు వేసే పని నడిపేవాడు. మన లైబ్రరీలో పాత తీర్పుల సంపుటాలకి సగానికి పైగా ఆయన చేతి కుట్టే. పొట్టి మనిషి, వేళ్ళకి ఎప్పుడూ జిగురు అంటుకుని ఉండేది, నోట్లో నాలుక లేనట్టుండేవాడు. పిల్లలు లేరు. భార్య కాగితాలు మడతపెట్టి ఇచ్చేది, ఆయన కుట్టేవాడు. ఒక తమ్ముడు. తండ్రి పోయినప్పుడు ఆ తమ్ముడికి ఆరేళ్ళు. అతన్ని ఈయనే కంటికి రెప్పలా పెంచాడు, చదివించాడు, పెళ్ళి చేశాడు.

పదిహేనేళ్ళ కిందట మేస్త్రికి రెండు కళ్ళూ మసకబారాయి. సూదిలో దారం ఎక్కించడానికి భార్యని పిలవాల్సి వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళింది తమ్ముడే. రెండు కళ్ళకీ ఆపరేషన్ చేసి కట్లు కట్టారు. డాక్టరు బయటికొచ్చి తమ్ముడితో, ఆపరేషన్ బాగా జరిగింది, నాలుగు వారాల్లో చూపు వస్తుంది, అని చెప్పాడు. తమ్ముడు లోపలికెళ్ళి అన్నగారి చేయి పట్టుకుని ఏం చెప్పాడో తెలుసా? "అన్నయ్యా, నీకెలా చెప్పను... ఇక చూపు రాదంట."

కట్ల కింద మనిషి ఏడవడానికి కూడా లేదు. కన్నీళ్ళొస్తే గాయానికి మంచిది కాదని నర్సు కసిరిందట.

వారం తిరక్కుండా తమ్ముడు భార్యాబిడ్డలతో మేడ మీదికి మారాడు, అన్నావదినల్ని చూసుకోవడానికి. మరో వారానికి కాగితం తయారైంది. చూపు లేని నేను దుకాణం ఏం నడపగలను, ఇల్లూ దుకాణమూ తమ్ముడికి ఇచ్చేస్తున్నాను, బదులుగా వాడు మా ఇద్దరికీ వెనక గది ఇచ్చి కడదాకా చూసుకుంటాడు, అని. మేస్త్రికి అది అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించారు. అందులో దాపరికం ఏమీ లేదు. దాపరికం అంతా డాక్టరు మాటలోనే ఉంది. తమ్ముడు వేలు పట్టుకుని చూపించిన చోట ఆయన సంతకం పెట్టాడు. అది మొదటి సంతకం.

పద్దెనిమిదో రోజున కట్లు విప్పారు. మేస్త్రికి ముందు డాక్టరు చొక్కా గుండీ కనబడిందట. తర్వాత గోడ మీద క్యాలెండరు, అందులో అంకెలు. "నేను చెప్పలేదూ, బ్రహ్మాండంగా వస్తుందని?" అన్నాడు డాక్టరు. "ఎవరికి చెప్పారు బాబూ?" అని అడిగాడు మేస్త్రి. "మీ తమ్ముడికి. ఆపరేషన్ రోజునే."

ఆయన నా దగ్గరికి వచ్చినప్పుడు ఇదంతా కోపంగా చెప్పలేదు. పుస్తకంలో పేజీలు తారుమారైతే ఎక్కడ తప్పిందో వెతికేవాడిలా, ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టాడు. చివర, "ఇప్పుడా కాగితం చెల్లుతుందామ్మా?" అన్నాడు.

జూనియర్లు వినండి, ఇది మీకు పరీక్షలో వచ్చే ప్రశ్నే. చెల్లని ఒప్పందం వేరు, రద్దు చేసుకోదగిన ఒప్పందం వేరు. మొదటిది పుట్టడమే చచ్చి పుడుతుంది. రెండోది బతికే ఉంటుంది గాని, దాని పీక మోసపోయినవాడి చేతిలో ఉంటుంది. నొక్కితే పోతుంది, వదిలేస్తే బతుకుతుంది. నిజం తెలిశాక కూడా అతను "సరే, నాకిది సమ్మతమే" అన్నాడో, లేక సమ్మతమన్నట్టు నడుచుకున్నాడో, దాన్నే ఆమోదం అంటాం. ఒకసారి ఆమోదించాక ఇక ఆ కాగితాన్ని దేవుడు కూడా చింపలేడు. నేను మేస్త్రికి మొదటి సగం చక్కగా చెప్పాను. "అది చింపే హక్కు మీ ఒక్కరికే ఉంది మేస్త్రీ, ఈ వారమే నోటీసు ఇద్దాం" అన్నాను. ఈ లోగా ఏ కాగితం మీదా వేలు కూడా పెట్టకండి అన్న రెండో సగం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, టైము లేక.

అప్పుడు నా చేతిలో ఒక పెద్ద కంపెనీ కేసు ఉంది. నా పేరు పత్రికలో మొదటిసారి పడింది ఆ కేసులోనే. మేస్త్రి నోటీసు గుమస్తాగారు మర్నాడే టైపు చేసి నా బల్ల మీద పెట్టారు. దాని మీద కంపెనీ కట్టలు పడ్డాయి. వాటి మీద ఇంకొన్ని పడ్డాయి. ఐదు వారాలు.

గుమస్తాగారూ, ఎన్నోసార్లు గుర్తు చేశారు మీరు. తల అడ్డంగా ఊపకండి, చేశారు.

ఆరో వారంలో ఒక ఉదయం, పదిన్నరకి, నేను కోర్టు మెట్లెక్కుతుంటే మేస్త్రి ఎదురొచ్చాడు. చేతిలో కాగితం. రాత్రికి రాత్రి తమ్ముడు అల్టిమేటం ఇచ్చాడట: "అన్నయ్యా, నీకు చూపొచ్చినందుకు నాకంటే సంతోషించేవాడు ఎవరు చెప్పు. కానీ వెనక గదిలో ఉండాలంటే దీని మీద సంతకం పెట్టు. లేదా రేపటికల్లా వదినని తీసుకుని వేరే చోటు చూసుకో" అని. భార్యకి అప్పుడు జ్వరం.

"అమ్మా, గదిలో ఉండటానికి కాగితమంట, ఈ కోర్టు భాష నాకు అర్థం కాదు. పెట్టొచ్చా?" అన్నాడు.

నేను తీసుకుని చూశాను. పైన గది కొలతలు, కుళాయి, దీపం, వాడుకునే దారి ఇవన్నీ రాసి ఉన్నాయి. నా వెనకే గుమస్తాగారు కట్టలు మోసుకుంటూ వస్తున్నారు. "మేడమ్, వెనకవైపు కూడా ఏదో ఉన్నట్టుంది" అన్నారు. లోపల నా కేసు పిలుస్తున్నారని బంట్రోతు కేక వేశాడు. "గది కాగితమేగా, పెట్టేయండి మేస్త్రీ, దానికేం" అని ఆయన చేతిలో పెట్టి పరుగెత్తాను.

నేను ఆ కాగితం తిప్పలేదు.

వెనకవైపు నాలుగే వాక్యాలు. నాకు చూపు తిరిగి వచ్చిందని, డాక్టరు మొదట్లోనే ఆ మాట చెప్పాడని నాకిప్పుడు తెలుసునని, తెలిసి కూడా ఆ ఒప్పందానికి కట్టుబడి ఉన్నానని, దాని ప్రకారమే ఈ గది అనుభవిస్తున్నానని. ఎంత పొందిగ్గా రాశారో! అధ్యక్షులవారూ, మీ చేతి రాత ముత్యాల్లా ఉంటుందని నలుగురూ అంటుంటారు, మీ ముసాయిదా అంతకంటే బాగుంటుంది. (నవ్వులు) అవును, తమ్ముడి తరపు వకీలు ఈయనే. ఈయన్ని నేను తప్పు పట్టడం లేదు. తన కక్షిదారుడి పని తాను శ్రద్ధగా చేశారు. ఈ ఊళ్ళో, ఆ వారంలో, శ్రద్ధగా పని చేసిన వకీలు ఈయనొక్కరే.

మూడు రోజుల తర్వాత నా నోటీసు వెళ్ళింది. దానికి జవాబుతో పాటు ఆ కాగితం నకలు వచ్చింది, రెండు వైపులా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు దావా వేశాను.

విచారణకి రావడానికి రెండేళ్ళు పైగా పట్టింది. మొత్తం కేసు ఒక్క ప్రశ్న మీద నిలబడింది: మేస్త్రి రెండో సంతకం తెలిసి పెట్టాడా? ఆమోదం అంటే తెలిసి చేసేది కదా. తనకి రద్దు చేసుకునే హక్కుందని తెలియాలి, ఈ సంతకంతో దాన్ని వదులుకుంటున్నానని తెలియాలి. మేస్త్రికి మొదటిది తెలుసు. రెండోది తెలియదు. తెలియదని నిరూపించగల సాక్షులు లోకంలో ఇద్దరు. ఒకరు మా గుమస్తాగారు. రెండోది నేను.

మధ్యాహ్నం విరామంలో వరండాలో అధ్యక్షులవారు నా పక్కకి వచ్చారు. ఆ మాటలు ఇక్కడ చెప్పడానికి మొన్న ఆయన అనుమతి తీసుకున్నాను. "అమ్మాయీ," అన్నారు, "ఆ మనిషి నిన్ను అడిగే పెట్టి ఉంటాడు. నువ్వు వకాల్తా వదులుకుని, బోనెక్కి, నా మాట మీద పెట్టాడు అని ఒక్క ముక్క చెబితే నా కేసు కూలిపోతుంది. నేను నిన్ను పిలవను, పిలవకూడదు. ఎక్కడమా మానడమా నీ ఇష్టం."

ఆ నెలలోనే ప్రభుత్వ న్యాయవాది పదవికి నా పేరు పైకి వెళ్ళి ఉంది. సంతకం పెట్టమని దారిలో నిలబడి చెప్పి, కాగితం తిప్పి చూడని వకీలు అని రికార్డులోకి ఎక్కితే ఆ పదవి ఏమవుతుందో నాకు తెలుసు. గుమస్తాగారు వచ్చి, "మేడమ్, పోనీ నేను చెబుతాను, నేను విన్నాను కదా" అన్నారు. "మీరు నోరు మూసుకుని ఉండండి" అన్నాను. ఇరవై ఏళ్ళకి పైగా నాతో పని చేసిన మనిషిని ఆ మాట అన్నాను. ఆయన ఆ తర్వాత కూడా పన్నెండేళ్ళ పైన నా దగ్గర పని చేశారు. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

విరామం తర్వాత మేస్త్రిని బోనెక్కించారు. అధ్యక్షులవారు వేసిన ఎదురు ప్రశ్నల్లో ఆఖరుది: "ఈ కాగితం మీద సంతకం పెట్టేముందు ఎవరినైనా సలహా అడిగారా?"

మేస్త్రి నా వంక చూశాడు. అర నిమిషం చూసి ఉంటాడు. కోర్టులో అర నిమిషం ఎంత పొడుగో మీకు తెలుసు. నేను తేలు కుట్టిన దొంగలా తల దించుకుని కట్టలో ఏదో వెతుకుతున్నాను. నాకు కావలసింది అందులో ఏదీ లేదు.

"లేదండి," అన్నాడు మేస్త్రి. "నా బుద్ధికి నేనే పెట్టాను."

తీర్పులో ఆ వాక్యాన్ని యథాతథంగా ఎత్తి రాశారు. వాది ఈ సంతకానికి వారాల ముందే వకీలును సంప్రదించాడు, తన హక్కు ఎరుగును, స్వబుద్ధితో ఆమోదించాడు, కాబట్టి దావా కొట్టివేయడమైనది. ముందున్న సాక్ష్యాన్ని బట్టి తీర్పు తప్పు కాదు. నేనే ఆ కుర్చీలో ఉన్నా అదే రాసేదాన్ని. తప్పంతా సాక్ష్యంలోకి రాని మాటలో ఉంది. అప్పీలు వేద్దామా అన్నాను. "వద్దులేమ్మా" అన్నాడు. నాకు ఒంట్లోంచి బరువు దిగినట్టయింది. ఆ దిగిన సంగతి తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు నా మీద అసహ్యం వేస్తుంది. రెండు నెలలకి నాకు పదవి వచ్చింది. ఈ హాల్లోనే, ఇక్కడే, సన్మానం చేశారు.

తమ్ముడు కుట్టు బల్లలూ, కాగితాలు కోసే మిషనూ అమ్మేసి కిందంతా పరుపుల దుకాణానికి అద్దెకిచ్చాడు. కళ్ళు నిక్షేపంగా ఉన్న మేస్త్రి వెనక గదిలో మంచానికీ గోడకీ మధ్య ఉన్న జాగాలో, నేల మీద కూర్చుని, ఎవరైనా దయతలిచి ఇచ్చిన నోటు పుస్తకాలు కుట్టేవాడు. నేను కూడా దయతలిచాను. ఏటా నా పుస్తకాలు పంపేదాన్ని. ఆయన వాటిని తెచ్చి మా ఇంటి వరండాలో పెట్టి, "చూసుకోండమ్మా, ఏమైనా తేడా ఉంటే చెప్పండి" అనేవాడు. కుట్టులో తేడా ఎప్పుడూ లేదు. నేను ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దాం అనుకునేదాన్ని. ప్రతిసారీ, "చట్టం అలా ఉంది మేస్త్రీ, ఏం చేస్తాం" అనేదాన్ని. ఆయన తల ఊపేవాడు.

పోయినేడు ఆయన ఊపిరితిత్తులు చెడి ఆసుపత్రిలో చేరాడని తెలిసింది. వెళ్ళాను. భార్య మందులు తేవడానికి కిందికి వెళ్ళి ఉంది. పక్కన స్టూలు మీద కూర్చుని, ఇక కాపాడుకోవడానికి ఏ పదవీ మిగల్లేదు కాబట్టి ధైర్యం వచ్చి, "మేస్త్రీ, ఆ రోజు మెట్ల మీద... నేనా కాగితం వెనక్కి తిప్పి చూడలేదు" అన్నాను.

"తెలుసమ్మా" అన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. మీరు తిప్పకపోవడం నేను చూశాను కదా. అప్పటికి నాకు కళ్ళున్నాయి."

స్టూలు కాస్త దగ్గరికి జరుపుకున్నాను. "మరి బోనులో ఎందుకు చెప్పలేదయ్యా? ఒక్క మాట చెబితే నీ ఇల్లు నీకు దక్కేది" అన్నాను. అప్పటిదాకా ఆయన్ని మీరు అనేదాన్ని. ఆ రోజు ఎందుకో నోరు అలా తిరిగింది.

"నేను చెబితే అది మీ మీద ఫిర్యాదు అవుతుందమ్మా. ఒకసారి తమ్ముడి మీద ఫిర్యాదు పెట్టి అలిసిపోయాను." ఊపిరి కూడదీసుకున్నాడు. "మీరే లేస్తారేమో అనుకున్నాను. అందుకే మీ వంక చూశాను."

అంతకంటే మాట్లాడనివ్వలేదు దగ్గు. ఐదో రోజున పోయాడు.

నీళ్ళు అక్కర్లేదు బాబూ, కూర్చో.

ఆ తర్వాత నేను చేసినవి కూడా చెప్పాలి, లేకపోతే నా మీద నాకున్న జాలి కొద్దీ కథ సగంలో ఆపినట్టవుతుంది. మన క్రమశిక్షణ సంఘానికి నా మీద నేనే ఫిర్యాదు రాశాను. తిరిగి వచ్చింది. సంఘటన జరిగి చాలా ఏళ్ళయింది, బాధితుడు బతికి లేడు, విచారించడానికి వీల్లేదు, అని మర్యాదగా రాశారు. కింద ఒక యువ సభ్యుడు, "మేడమ్, మీలాంటివారు ఇలా బాధపడటం మీ గొప్పతనం" అని పెన్నుతో చేర్చాడు. ఆ ఉత్తరం చింపేశాను. అధ్యక్షులవారి దగ్గరికి వెళ్ళి, ఇప్పుడు నేను ప్రమాణపత్రం ఇస్తే తీర్పు తిరగదోడటానికి దారి ఉందా అని అడిగాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "లేదమ్మాయీ. నీకూ తెలుసు" అన్నారు. తెలుసు. ఈ ముప్పై ఎనిమిదేళ్ళలో ఎంతమందికి నేనే చెప్పాను, గడువు దాటింది, ఇక చేసేదేం లేదు అని. ఎదుటివాళ్ళు అంతసేపు కుర్చీలోంచి లేవకుండా ఎందుకు కూర్చునేవాళ్ళో ఇప్పుడు అర్థమైంది.

అయినా ఆ ప్రమాణపత్రం రాశాను. జరిగింది జరిగినట్టు, మెట్లూ, కాగితమూ, బోనూ అన్నీ. మొన్న ఆదివారం తీసుకుని ఆ వెనక గదికి వెళ్ళాను. పరుపుల దుకాణం లోంచే దారి. మేస్త్రి భార్య తలుపు తీసింది. గుమ్మంలోనే నిలబెట్టింది. కాగితం చేతికిచ్చి, తప్పు నాదని, చట్టం దారిలో ఇది ఎందుకూ పనికిరాదని, అయినా ఆమె దగ్గర ఉండాలని, అన్నీ చెప్పాను. ఈ సభకి రమ్మని, నలుగురి ముందు చెప్పుకుంటానని కూడా అన్నాను.

ఆమె కాగితం ముందువైపు చదివింది. వెనక్కి తిప్పింది. వెనక ఏమీ లేదు. మళ్ళీ మడిచి నా చేతిలోనే పెట్టింది.

"ఆయన ఆఖరిదాకా మిమ్మల్ని 'మా లాయరమ్మ' అనేవాడు," అంది. "పుస్తకాలు ఇచ్చినప్పుడల్లా, ఈసారి చెబుతుందేమో చూద్దాం అని మరీ నీటుగా కుట్టేవాడు. నాకిప్పుడు దీంతో పనేముందమ్మా? నలుగురి ముందు చెప్పుకుంటే మీకు తేలికవుతుంది. చెప్పుకోండి. నేను రాను."

"కాస్త కూర్చోనా?" అన్నాను.

"పొయ్యి మీద పాలున్నాయి" అని తలుపు వేసుకుంది.

ఆమె అన్నట్టు తేలికవుతుందేమో అనుకున్నాను. అవలేదు.

వాదనలో ముగింపు ఉండాలని, కోర్టును ఏం కోరుతున్నామో చివర చెప్పాలని మా సీనియరు నేర్పారు. నాకు కోరడానికి ఏమీ లేదు. జూనియర్లకి ఒక్క మాట. రేపో ఎల్లుండో మెట్ల మీద ఎవరో ఒకరు ఎదురొచ్చి, సంతకం పెట్టనా అని అడుగుతారు. లోపల మీ కేసు పిలుస్తూనే ఉంటారు. పిలవనివ్వండి.

ఇంత చేదు మాటల్ని ఓపిగ్గా విన్న న్యాయమూర్తిగారికి, దాచమని అనకుండా చెప్పుకోనిచ్చిన అధ్యక్షులవారికి, ఈ సభ ఏర్పాటు చేసిన కార్యదర్శిగారికి, నా కేకలూ కసుర్లూ భరించిన గుమస్తాగారికి, అందరికీ కృతజ్ఞతలు. దయచేసి ఎవరూ చప్పట్లు కొట్టవద్దు. నన్ను ఇలాగే దిగి వెళ్ళనివ్వండి.

సెలవు.